ఓటమికి ముద్దాయి ఎవరు?

2023 నవంబరు 19 ఆదివారం రాత్రి అహమ్మదాబాదులో మాక్స్‌వెల్ గెలుపు పరుగులు తీసిన నిమిషంలోనే పల్లెల్లో టి.వి.లు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. మర్నాడు తెల్లవారితే కార్తిక సోమవారం. గన్నవరం పక్కన ఉంగుటూరు మొదలు అటు ఆగిరిపల్లి, నూజివీడు మామిడి తోటల దాకా శివాలయం మెట్ల మీద, పాల కేంద్రం దగ్గర, టీకొట్టు బల్లల మీద ఒకటే పంచాయితీ. వరికోతల కూలి ఎంత, మిషను గంటకు ఎంత అన్న మాటలు కూడా పక్కకు పోయాయి. మ్యాచ్ ఎలా పోయింది అన్నది కాదు అక్కడ ప్రశ్న. ఎవడి వల్ల పోయింది అన్నదే.

ఏళ్ళు గడిచాయి. ఆ తర్వాత 2024 జూన్ 29న బ్రిడ్జ్‌టౌన్‌లో, 2025 మార్చి 9న దుబాయిలో అదే సారథి కింద, చాలావరకు అదే ఆటగాళ్ళతో భారత జట్టు రెండు ప్రపంచ స్థాయి కప్పులు గెలుచుకు వచ్చింది. అయినా అహమ్మదాబాదు మాట ఎత్తితే చాలు, ఇప్పటికీ బల్ల గుద్ది వాదించేవారున్నారు. గెలిచిన మ్యాచ్‌లు జ్ఞాపకంగా మిగులుతాయి. ఓడిన మ్యాచ్ వ్యాజ్యంగా మిగులుతుంది.

ఆ వ్యాజ్యంలో మొదటి ముద్దాయి రాహుల్. 107 బంతులాడి 66 పరుగులు, అందులో ఒకే ఒక్క ఫోరు. మొదటి పది ఓవర్లలో రెండు వికెట్లకు 80 పరుగులు చేసిన జట్టు, తర్వాతి నలభై ఓవర్లలో నాలుగంటే నాలుగే ఫోర్లు కొట్టి 240 దగ్గర ముగిసింది. చూస్తున్నవాడికి ఒళ్ళు మండిపోయిన మాట నిజమే. కాని పదకొండో ఓవరులో 81 దగ్గర మూడో వికెట్ పడింది. రావలసినవారిలో జడేజా, సూర్యకుమార్ పోతే మిగిలినవారంతా బంతులు వేసేవారే. అక్టోబరు 19న పుణేలో బంగ్లాదేశ్‌తో ఆడుతూ హార్దిక్ పాండ్యా చీలమండ దెబ్బతిని జట్టుకు దూరమయ్యాడు. అతడుంటే రాహుల్ ఆట వేరుగా ఉండేదేమో. అంటే ఒక నెల ముందు పుణేలో మడతపడిన కాలు కూడా ఈ వ్యాజ్యంలో సాక్షే. దాన్ని బోనులో నిలబెట్టినవాడు లేడు.

రెండో ముద్దాయి కెప్టెన్ రోహిత్ శర్మ. 31 బంతుల్లో 47 పరుగులు చేసి, మాక్స్‌వెల్ ఓవరులోనే ఒక సిక్సు, ఒక ఫోరు కొట్టి, మళ్ళీ ఎత్తి కొట్టబోయి ఔటయ్యాడు. అంత తొందర ఏమొచ్చింది అన్నది అభియోగం. అంతకుముందు వరుసగా పది మ్యాచ్‌లు గెలిచింది ఆ తొందరతోనే. పది రోజులు చప్పట్లు కొట్టిన ఆటనే పదకొండో రోజు బుద్ధిలేనితనమంటే ఎలా? పైగా ఆ బంతిని వెనక్కి పరుగెత్తి, పడుతూ పట్టినవాడు ట్రావిస్ హెడ్. ఆ క్యాచ్ జారితే అదే షాట్‌ను సాహసమని మెచ్చుకునేవారు.

టాస్ పోవడమే కొంప ముంచిందన్నది మూడో వాదన. ఆస్ట్రేలియా కెప్టెన్ కమిన్స్ టాస్ గెలిచి మన జట్టును బ్యాటింగుకు దించాడు. అయితే టాస్ తాను గెలిచినా బ్యాటింగే తీసుకునేవాడినని రోహిత్ అక్కడే చెప్పాడు. కనుక ఈ వాదన నిలవదు. నిలిచేది మంచు. పగలు మందకొడిగా ఉన్న పిచ్ మీద రాత్రి మంచు పడి బంతి బ్యాటు మీదికి తేలిగ్గా వచ్చింది. మంచు ఏం చేయగలదో మామిడి రైతుకు వేరే చెప్పాలా? పిచ్ ఎండుగా, నెమ్మదిగా ఉంటే తమకు మేలనుకున్నవారు పొద్దుగూకాక ఏమవుతుందో తూకం వేసుకున్నట్టు లేదు.

హైదరాబాదు కుర్రాడు సిరాజ్‌కు కొత్త బంతి ఎందుకివ్వలేదన్నది మన ప్రాంతంలో గట్టిగా వినిపించిన ప్రశ్న. ఆ టోర్నమెంటు పొడుగునా బుమ్రాకు జోడీగా మొదలుపెట్టినవాడిని కాదని ఫైనల్లో షమీకి ఇచ్చారు. ఆ షమీ తన రెండో బంతికే వార్నర్‌ను పడగొట్టాడు. 47 పరుగులకు ఆస్ట్రేలియా మూడు వికెట్లు పోయాయి కూడా. బంతి పాతబడ్డాక చేతికి వచ్చిన సిరాజ్ అప్పుడు చేయగలిగింది తక్కువ. ఇది అడగదగిన ప్రశ్నే. ఎందుకంటే అది ఒక మనిషి చెయ్యి జారడం గురించి కాదు, ఆలోచించి తీసుకున్న నిర్ణయం గురించి.

విచిత్రమేమంటే ఇన్ని అరుగుల మీద ఇన్ని గంటలు సాగిన విచారణలో, ఎదుటివాడు బాగా ఆడాడన్న మాట చాలా కొద్దిమంది నోటే వచ్చింది. 47కు మూడు వికెట్లు పడి, తొంభై వేలమంది హోరెత్తిస్తున్న మైదానంలో హెడ్ 120 బంతుల్లో 137 పరుగులు చేశాడు. లబుషేన్ 110 బంతులు ఓపిక పట్టి 58తో నిలబడ్డాడు. ఇద్దరూ కలిసి 192 పరుగులు. లబుషేన్ వేగం రాహుల్ వేగం కంటే ఎక్కువేమీ కాదు. గెలిచాడు కనుక అది ఓపిక అయింది. ఓడాడు కనుక రాహుల్‌ది చేతగానితనమైంది.

తోటలో పూత నిలవని ఏడాది కూడా ఇంతే. మందు ఆలస్యంగా కొట్టాడని కౌలుదారు మీద యజమాని, ఎరువు తోలలేదని యజమాని మీద కౌలుదారు, సరుకు మంచిది కాదని ఇద్దరూ కలిసి పురుగుమందుల కొట్టాయన మీద. మాఘమాసపు పొగమంచుదీ, తేనెమంచు పురుగుదీ ఎంత వాటానో లెక్క కట్టేవాడుండడు. మంచును తిట్టినా తిరిగి మాట్లాడదు కనుక తిట్టడంలో రుచి ఉండదు కాబోలు.

తెలుగువాళ్ళకు క్రికెట్ ఓటముల్లో సొంత వ్యాజ్యాలు రెండున్నాయి. ఒకటి 2003 మార్చి 23 నాటిది. చెట్ల మీద కాయ ఊరుతున్న రోజులు. జొహానెస్‌బర్గ్ ఫైనల్లో టాస్ గెలిచి కూడా గంగూలీ ఆస్ట్రేలియాను బ్యాటింగుకు పిలిచాడు. వాళ్ళు 359 కొట్టారు, మనవాళ్ళు 125 పరుగుల తేడాతో ఓడారు. ఆ జట్టులో లక్ష్మణ్‌కు చోటు లేదు. అతడి బదులు దినేష్ మోంగియాను తీసుకెళ్ళారు. లక్ష్మణ్ ఉంటేనా అన్న నిట్టూర్పు ఈ జిల్లాలో ఎంతకాలం వినిపించిందో నడివయసువారికి గుర్తే. ఆ రోజు రికీ పాంటింగ్ ఒక్కడే 140 కొట్టి నాటౌట్‌గా ఉన్నాడు. లక్ష్మణ్ ఉన్నా అతడు బంతులు వేసేవాడు కాదు కదా! చచ్చినవాడి కళ్ళు చారెడు. జట్టులో లేనివాడు ఎప్పుడూ సెంచరీయే కొడతాడు.

రెండోది ఇంకా చిక్కుముడి. ఇందులో వాదీ గుంటూరువాడే, ప్రతివాదీ గుంటూరువాడే. 2019 ఏప్రిల్ 15న ప్రపంచ కప్పు జట్టును ప్రకటించినప్పుడు గుంటూరులో పుట్టిన అంబటి రాయుడిని పక్కన పెట్టిన ఎంపిక సంఘానికి అధ్యక్షుడు ఎం.ఎస్.కె. ప్రసాద్. ఆయనదీ గుంటూరే. విజయ్ శంకర్ బ్యాటింగ్, బౌలింగ్, ఫీల్డింగ్ మూడు కోణాల్లో పనికివస్తాడన్నారు. ప్రపంచ కప్పు చూడటానికి త్రీడీ కళ్ళజోడు తెప్పించుకున్నానని రాయుడు వెటకారంగా రాశాడు. తర్వాత విజయ్ శంకర్ గాయపడితే అప్పటికి ఒక్క వన్డే కూడా ఆడని మయాంక్ అగర్వాల్‌ను పిలిచారు. జూలై 3న రాయుడు ఆట మానేస్తున్నానని ప్రకటించాడు. వారం తిరగకుండా మాంచెస్టర్‌లో న్యూజిలాండ్‌తో సెమీఫైనల్. 240 పరుగులు చేయవలసి ఉండగా రోహిత్, రాహుల్, కోహ్లీ తలా ఒక పరుగు చేసి వెళ్ళారు. 5 పరుగులకు మూడు వికెట్లు. జడేజా 77, ధోనీ 50 చేసినా 18 పరుగులు తక్కువయ్యాయి.

రాయుడు ఉంటే గెలిచేవాళ్ళమా? ఆ ఏడాది ఫిబ్రవరి 3న వెల్లింగ్టన్‌లో అదే న్యూజిలాండ్ మీద 18 పరుగులకు నాలుగు వికెట్లు పోయిన స్థితిలో రాయుడు 90 కొట్టి మ్యాచ్ గెలిపించాడు. అతడి పక్షం వారికి ఇది బ్రహ్మాస్త్రం. ఆ వెంటనే మార్చిలో ఆస్ట్రేలియాతో వరుసగా మూడు మ్యాచ్‌లలో అతడు చేసింది 13, 18, 2. అవతలి పక్షం వారికి ఇది చాలు. నిజానికి రెండూ ఆ ప్రశ్నకు జవాబు కావు. ఆడని మ్యాచ్‌లో ఎవరెన్ని కొడతారో బ్రహ్మ కూడా చెప్పలేడు. చెప్పగలిగింది ఒకటే. నాలుగో స్థానానికి ఇతడేనని నెలల తరబడి తయారుచేసుకుని, మూడు మ్యాచ్‌లకే మనసు మార్చుకుని, మార్చినవాడు గాయపడితే అసలు పరీక్షించనివాడిని పిలవడం చెడ్డ ఎంపిక. మాంచెస్టర్‌లో గెలిచినా అది చెడ్డ ఎంపికే అయ్యేది. అది అడగవలసిన తప్పు, దాన్ని అడగవలసింది కుర్చీలో కూర్చున్నవారిని. అయితే ఆ తప్పే మ్యాచ్ ఓడించిందని రుజువు చేయడం ఎవరి తరమూ కాదు. ఈ తేడా మరిచిపోవడం వల్లనే టీకొట్టు వాదనలు కొట్లాటలవుతున్నాయి.

ఇది ఒక్క మన దేశపు జబ్బు కాదు. 1950 జూలై 16న రియోలోని మరకానా మైదానంలో సుమారు రెండు లక్షలమంది ముందు బ్రెజిల్ ఫుట్‌బాల్ జట్టు ఉరుగ్వే చేతిలో 2-1 తేడాతో ఓడింది. మ్యాచ్ డ్రా అయినా కప్పు బ్రెజిల్‌దే అయ్యేది. ఘిగ్గియా కొట్టిన రెండో గోలును ఆపలేకపోయిన గోల్‌కీపర్ బార్బోసా మీద దేశమంతా పడింది. ఏళ్ళు గడిచినా వదలలేదు. 1993లో జట్టు శిబిరం చూడబోతే అపశకునమని లోపలికి రానివ్వలేదంటారు. ఈ దేశంలో ఏ నేరానికైనా ముప్పై ఏళ్ళకు మించి శిక్ష లేదు, తాను యాభై ఏళ్ళుగా అనుభవిస్తున్నానని ఆయన వాపోయాడని చెబుతారు. 2000లో ఆ నింద మోస్తూనే పోయాడు. పది మంది ఆడిన ఆటకు ఒక్కడికి యావజ్జీవం!

కొలంబియా వారిది మరీ ఘోరం. 1994 జూన్ 22న అమెరికాతో మ్యాచ్‌లో పొరపాటున సొంత గోలులోకే బంతి కొట్టిన ఆండ్రెస్ ఎస్కోబార్‌ను, పది రోజులకే సొంత ఊరు మెడెజిన్‌లో కాల్చి చంపారు. అప్పటికి అతడి వయసు 27.

అంత దూరం మనవాళ్ళు పోలేదని తృప్తి పడటానికి వీల్లేదు. అహమ్మదాబాదు ఓటమి తర్వాత ట్రావిస్ హెడ్ భార్యను, ఏడాది దాటిన పసిపిల్లను కూడా వదలకుండా మన దేశస్థులు కొందరు ఫోన్లలో బూతులు, బెదిరింపులు పంపారని పత్రికలు రాశాయి. బాగా ఆడటమే నేరమా? ఆ పసిపిల్ల చేసిన తప్పేమిటి? ఆ రాత్రే తిరుపతి దగ్గర ఒక యువకుడు మ్యాచ్ ఓడిన బాధలో గుండె ఆగి చనిపోయాడన్న వార్త కూడా వచ్చింది. అతడి ఇంటివారికి ఆ కప్పు వచ్చినా రాకపోయినా ఒకటే.

పల్లెల్లో ఈ కసి ఎక్కడినుంచి పుడుతున్నదో కూడా దాచకుండా చెప్పుకోవాలి. ఆటమీది ప్రేమ కొంత, పందెంలో పోయిన డబ్బు కొంత. ఓవరుకొక పందెం, వికెట్టుకొక పందెం. పూత మీద తోట అమ్మి తీసుకున్న బయానా, ధాన్యం డబ్బు, ఇంటావిడ పొదుపు సంఘంలో తెచ్చిన అప్పు ఫోనులో కరిగిపోతే, మర్నాడు ఆ మనిషి రాహుల్‌ను తిట్టే తిట్టులో క్రికెట్ ఎంత ఉంటుంది? రోహిత్ అవుటైతే రోహిత్ కుటుంబం రోడ్డున పడలేదు. 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ జూదాన్ని, పందాలను రాష్ట్రంలో నిషేధించారు. 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసింది. చట్టాలున్నాయి. పందెం ఎవరి దగ్గర కట్టవచ్చో ఊళ్ళో అందరికీ తెలుసు, తెలియవలసినవారికి తప్ప. ముద్దాయి కోసం వెతికేవారు ఆ వీధిలో వెతకడం లేదెందుకో!

ఓటమిని ఎలా పట్టుకోవాలో చూపినవాడు తెలుగునేల మీదే ఒకడుండేవాడు. హైదరాబాదు పోలీసు జట్టును, భారత ఫుట్‌బాల్ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం. మొదట బడిపంతులు. 2024లో వచ్చిన మైదాన్ అనే హిందీ సినిమా ఆయన కథే. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో మొదటి మ్యాచ్‌లోనే భారత జట్టు దక్షిణ కొరియా చేతిలో 2-0 తేడాతో ఓడింది. తర్వాత థాయిలాండ్‌తో ఆడుతుంటే వెనుక కాపు కాసే జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. రహీం అతడిని ఇంటికి పంపలేదు, ముందు వరుసలో నిలబెట్టాడు. సెమీఫైనల్లోనూ గోలు, ఫైనల్లోనూ గోలు. సెప్టెంబరు 4న లక్షమంది ఎగతాళి చేస్తుంటే అదే కొరియాను 2-1తో ఓడించి స్వర్ణ పతకం తెచ్చారు. అప్పటికే కాన్సర్ ఆయనను తినేస్తున్నది. మరుసటి సంవత్సరం జూన్‌లో కన్నుమూశాడు. మొదటి ఓటమి తర్వాత ఆ పంతులు వెతికింది ముద్దాయిని కాదు, ఎవడిని ఎక్కడ నిలబెడితే బాగుంటుందో ఆ చోటును.

ఆడపిల్లల విషయంలో ఈ దేశం కొంత మెరుగ్గానే ప్రవర్తించింది. 2017 జూలై 23న లార్డ్స్‌లో హైదరాబాదు అమ్మాయి మిథాలీ రాజ్ నాయకత్వంలో జట్టు ఇంగ్లండుతో ఫైనల్ ఆడింది. 229 చేయవలసి ఉండగా మూడు వికెట్లకు 191 దాకా వచ్చి, 28 పరుగుల్లో ఏడు వికెట్లు పారేసుకుని తొమ్మిది పరుగుల తేడాతో ఓడిపోయారు. రనౌట్ అయిన మిథాలీని అడిగినవారున్నారు గాని, తిరిగి వచ్చిన జట్టును జనం పూలదండలతోనే పలకరించారు. ఎనిమిదేళ్ళకు, 2025 నవంబరు 2న నవీ ముంబయిలో ఆ కప్పు వచ్చింది. ఆ జట్టులో కడప జిల్లా పల్లెటూరి పిల్ల శ్రీచరణి ఉంది. 2017లో ఇంటి గుమ్మం దగ్గర బూతులు వినవలసి వచ్చి ఉంటే, ఎంతమంది తండ్రులు తమ కూతుళ్ళను మైదానానికి పంపేవారో!

అసలు నష్టం జరిగేది అక్కడే. అహమ్మదాబాదు ఆటగాళ్ళకు టీకొట్టు తిట్లు వినపడవు. వినపడేది అదే బల్ల పక్కన నిలబడ్డ పద్నాలుగేళ్ళ కుర్రాడికి. సంక్రాంతికి ఊళ్ళ మధ్య జరిగే పోటీల్లో చివరి ఓవరులో క్యాచ్ జారవిడిచిన కుర్రాడికి ఊరు ఏం పేరు పెడుతుందో తెలియనిది కాదు. ఆ పేరు పెళ్ళయ్యేదాకా వదలదు. మరుసటి ఏడాది వాడు మైదానం గట్టున కూర్చుంటాడే గాని దిగడు. పొలం కోసిన మోళ్ళ మీద, ఎగుడుదిగుడు నేల మీద, దుమ్ములో, పొద్దుగూకే వేళ, సరైన బూట్లయినా లేకుండా ఆడే పిల్లవాడి చేతిలో బంతి నిలవలేదంటే, ఊళ్ళో చదునైన ఆటస్థలం ఎందుకు లేదని పంచాయితీని అడిగిన పెద్దమనిషి ఎవరు? బడి ఆవరణలో పశువులు కట్టేసేది, ఇసుక కుప్పలు పోసేది ఎవరు?

సంక్రాంతి పోటీలు మళ్ళీ వస్తాయి. షామియానా వేసేవారు, బహుమతి డబ్బు ఇచ్చేవారు, మైకు పట్టుకునేవారు ఇప్పుడే నాలుగు మాటలు అనుకుంటే మంచిది. పోటీ జరిగే మైదానం పరిసరాల్లో పందెం కట్టేవాడిని ఊరి మనిషైనా సరే గట్టు దింపాలి. తప్పు చేసిన కుర్రాడి పేరు మైకులో వెటకారంగా చదవడం మానాలి. పోటీకి నెల ముందు నేల చదును చేయించడానికి ఒక ట్రాక్టరు ఒక పూట చాలు. ఇక గత ఏడాది క్యాచ్ వదిలేసి గట్టున కూర్చున్న కుర్రాడుంటే, వాళ్ళ బాబాయో మామయ్యో ఎవరో ఒకరు ఇంటికి వెళ్ళి పిలుచుకురావాలి. బౌండరీ దగ్గర, వాడు నిలబడ్డ ఆ చోటులోనే నిలబెట్టాలి.